మేడం కడిగిన అద్దం

మేడం పోయారన్న కబురు నాకు బస్సులో అందింది. తిరుపతి నుంచి చిత్తూరుకు తిరిగొచ్చే సాయంత్రం బస్సు. చంద్రగిరి దాటింది. ఫోను మోగుతూ ఉంటే బ్యాగులో చెయ్యి పెట్టే ఓపిక లేక మోగనిచ్చాను. ఆగి మళ్లీ మోగింది. తీసి చూస్తే మేడం తమ్ముడు. ఆయన నాతో మాట మానేసి చాలా నెలలైంది. పేరు చూడగానే విషయం అర్థమైంది.

“అక్క పోయిందమ్మా,” అన్నాడు. “మధ్యాన్నం అన్నం తిని పండుకునింది. లేపితే లెయ్యలా.”

బస్సు చప్పుడు విని ఆయనే అన్నాడు: “బస్సులో ఉండావా? నిదానంగా రా. ఇంగ తొందరేముండాది.”

ఫోను పెట్టేసి కిటికీకి తల ఆనించాను. పక్క సీట్లో ఎవరో కాలేజీ అమ్మాయి నిద్రలో నా భుజం మీదికి ఒరిగింది. నేను కదల్లేదు. అంతకుముందు చాలాకాలం ఆ భుజం మీద ఒరిగి నిద్రపోయింది మేడమే.

ఆమె నాకు బంధువు కాదు. చిత్తూరులో ఒకప్పుడు నడిచి ఇప్పుడు మూతపడిన ఒక చిన్న ఆడపిల్లల కాలేజీలో నాకు ఫిజిక్స్ చెప్పిన మేడం. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. గంజి పెట్టిన నూలు చీర, నల్ల పట్టీ గడియారం. పాఠం చెప్పేటప్పుడు పుస్తకాల తెలుగు, గంట కొట్టగానే చిత్తూరు తెలుగు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. టెలిస్కోపు పాఠం రోజున బోర్డు మీద ఒక్క ఊపులో వంపు అద్దం గీసేవారు. దాని మీద పడిన వెలుతురు గీతలు వెనక్కి తిరిగి ఒకచోట కలిసేవి. ఆ బొమ్మ సరిగ్గా గీయనివాళ్లకు మార్కులు పడేవి కావు.

కాలేజీలో నిజం టెలిస్కోపు కూడా ఒకటి ఉండేది. ల్యాబు పక్క గదిలో, ఇనుప బీరువాలో. ఖరీదైన వస్తువని తాళం వేసి పెట్టారు. ఒకసారి మాలో ఎవరో అడిగారు.

“మేడం, మన కాలేజీలో టెలిస్కోపు ఉండాదంట కదా?”

“ఉండాది,” అన్నారు మేడం, సుద్దముక్క బల్ల మీద పెడుతూ. “బీరువాలో ఉండాది.”

ఆ సంగతి అంతటితో ముగిసింది.

చదువై, పెళ్లై, పిల్లలు పుట్టి, నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో సైన్సు టీచరునయ్యాను. కాపురం చిత్తూరులోనే. పొద్దున బస్సెక్కితే సాయంత్రం దిగడం. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. ఆమెను తిప్పి పడుకోబెట్టడం, దుప్పట్లు మార్చడం, మళ్లీ వంట. కొన్నేళ్లుగా నేను కంటినిండా నిద్రపోయేది బస్సులోనే. అలాంటి ఒక సాయంత్రం పక్క సీట్లోకి ఎవరో పెద్దావిడ వచ్చి కూర్చున్నారు. ముఖం పసుపు రంగుకు తిరిగి ఉంది. మోచేతి దగ్గర దూది పెట్టి ప్లాస్టరు వేసి ఉంది. నేను కళ్లు మూసుకోబోతుంటే అడిగారు.

“రెండో బెంచీలో కిటికీ పక్కన కూసునే పాపవి కదా నువ్వు?”

మేడం కిడ్నీలు పని చేయడం మానేశాయి. వారంలో కొన్ని రోజులు తిరుపతి ఆస్పత్రికి పోయి, మిషను పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వస్తున్నారు. ఆ రోజుల్లో మేమిద్దరం ఒకే బస్సు. మాటలు తక్కువ. పాకాల దాటేలోపు ఇద్దరం నిద్రపోయేవాళ్లం. పూతలపట్టులో కండక్టరు కేకకు మెలకువ వచ్చేది. దిగేముందు ఆమె నా చెయ్యి పట్టుకుని, “ఇంటికి పోయి మళ్లా పనేనా?” అనేవారు. ఆ ఒక్క మాట నన్ను అడిగేవాళ్లు అప్పట్లో ఇంకెవరూ లేరు.

కాలేజీ మూసేసి సామాన్లు అమ్మేస్తున్నప్పుడు పాత అటెండరు ఆమెకు ఫోను చేశాడట. “మేడం, ఆ గొట్టాన్ని ఇనప సామాన్ల బండికి ఏస్తాండారు, మీకేమన్నా కావాల్నా?” అని. మేడం ఆస్పత్రికి పోవలసిన రోజది. పోలేదు. ఆటోలో వెళ్లి, ఆ గొట్టాన్నీ దాని ఇనుప ముక్కాలి స్టాండునూ ఇంటికి తెచ్చుకున్నారు. ఆ తర్వాత బస్సులో నన్ను చూసి మొదటిసారి నిద్రపోకుండా మాట్లాడారు.

“పాపా, ఆదివారం మా ఇంటికి రాగలవా? నాకు చేతులు వణుకుతాండాయి. అద్దం ఊడదియ్యాల.”

“అత్తమ్మను వదిలి రావడం కష్టం మేడం,” అన్నాను.

“తెలుసు. అలిసిపోయినావని కూడా తెలుసు. అందుకే పిలస్తాండా. అలిసిపోయినోళ్లకు తొందర ఉండదు. అద్దం పనికి అట్లాంటోళ్లే సరి.”

వెళ్లాను. మా ఆయన ఆ ఒక్క పూట అత్తమ్మను చూసుకుంటానన్నాడు. మిట్టూరులో మేడం ఇల్లు. కింద తమ్ముడి కుటుంబం, మిద్దె మీద ఆమె గది, గది ముందు ఖాళీ జాగా. గొట్టం అడుగున మరలు విప్పి అద్దాన్ని బయటికి తీశాం. అన్నం పళ్లెమంత ఉంది. తామర పట్టిన చర్మంలా మచ్చలు, అంచుల దగ్గర గోధుమ రంగు మరకలు, మధ్యలో ఎవరో ఎప్పుడో గుడ్డతో గట్టిగా తుడిచిన గీతలు.

నేను చీర కొంగు తీసుకోబోయాను. మేడం నా మణికట్టు పట్టుకున్నారు.

“మన ఇంట్లో అద్దాలకు పూత గాజు ఎనకాల ఉంటాది. దీనికి ముందరే. గుడ్డ తగిలితే పూత గీసుకుపోతాది. అద్దానికి దుమ్ము కన్నా తుడిచే చెయ్యే ప్రమాదం పాపా. తుడవకూడదు. కడగాల.”

కడిగాం. ముందు కుళాయి నీళ్లు సన్నధారగా. తర్వాత టబ్బులో గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేసిన నీళ్లలో నానబెట్టడం. ఆ తర్వాత దూదిని నీళ్లలో ముంచి, బరువు పడకుండా, దాని పాటికి దాన్ని జారనివ్వడం. ఒకసారి జారిన దూదిని మళ్లీ వాడకూడదు. చివరికి బ్యాటరీ షాపులో తెచ్చిన డిస్టిల్డ్ వాటరు పైనుంచి పొయ్యడం. ఒక్కరోజులో తెగే పని కాదు. మరకలు కదలడానికి చాలా ఆదివారాలు పట్టింది.

అవి ఎండాకాలం రోజులు. చిత్తూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మేడంకు డాక్టరు రోజుకు ఇచ్చిన నీళ్లు ఒక చిన్న సీసాడు. ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. నోట్లో మంచు ముక్క ఒకటి పెట్టుకుని, పక్కన కూర్చుని, నేను అద్దం మీద డిస్టిల్డ్ వాటరు క్యాను వంచుతుంటే చూసేవారు. నాకు చెయ్యి ఆడేది కాదు.

“పొయ్యి, పొయ్యి,” అనేవారు నవ్వుతూ. “నా వాటా కూడా అదే తాగుతాది.”

చివరి ఆదివారం అద్దం ఆరాక, దాన్ని నిలబెట్టి ఎండకు ఎదురుగా పట్టుకున్నాను. మేడం వెనకనుంచి చూశారు. పూత పొడుగునా సన్నటి చిల్లులు. జల్లెడలోంచి వచ్చినట్టు వెలుతురు అవతలికి వస్తోంది. అంచు దగ్గర పొర లేచిపోయింది. మేం కడిగినందువల్ల కాదు. అన్నేళ్లు చెమ్మగదిలో ఉండి అది ఎప్పుడో చచ్చిపోయింది. పైన మురికి ఉన్నన్నాళ్లు ఆ సంగతి తెలియలేదు, అంతే.

మేడం ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డారు. అద్దం వైపే చూస్తూ అన్నారు:

“ఎన్ని బ్యాచీలకు చెప్పినానో దీని గురించి. ఒక్కనాడన్నా బీరువా తాళం అడగలా. తీసింతర్వాత పగిలితే ఎవరు జవాబు చెప్పాలని భయం. మీకెవరికీ చూపించలేదు, నేనూ చూళ్లేదు. బోర్డు మీద గీసిందే గీసినా. బొమ్మ బాగలేదని మీ మార్కులు కోసినా.”

నేనేదో ఓదార్పు మాట చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

“ఓదార్చొద్దు. దీనికి మళ్లా పూత ఎవురు పూస్తారో అది కనుక్కో.”

చెన్నై శివార్లలో అలాంటి పని చేసే ఒకాయన ఉన్నాడని తెలిసింది. కొరియరులో పంపుదామన్నాను. పగిలితే అని ఆమె ఒప్పుకోలేదు. నేనొక్కదాన్నే తీసుకుపోతానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. కింద తమ్ముడికి తెలిసి మిద్దెక్కి వచ్చాడు.

“అక్కా, నీకేమన్నా బుద్ధి ఉండాదా? ఒంట్లో రక్తం లేదు, గాజుముక్క ఎత్తుకోని మద్రాసుకు పోతావా?”

“పోతా రా. ఆస్పత్రికి పోతాండా కదా దినం మార్చి దినం. అది బతికేదానికి. ఇది నేను నిమ్మళంగా పోయేదానికి.”

ఆయన నా వైపు తిరిగాడు. “నువ్వన్నా చెప్పమ్మా.”

నేను చెప్పాను. రాత్రి నిద్ర లేదని, స్కూల్లో సెలవు దొరకదని, ఎండలు తగ్గాక పోదామని. మేడం అంతా విని, “సరే, నేను పోయొస్తా, నువ్వు స్కూలుకు పో,” అన్నారు. ఇంక నేను వెళ్లక తప్పలేదు.

మురుకులు పోసుకునే గుండ్రటి స్టీలు డబ్బాలో కాగితాలు సర్ది, అద్దం ముఖానికి ఏమీ తగలకుండా పెట్టి, ఒడిలో పెట్టుకుని రైలెక్కాం. ఎదుటి సీటాయన మూత వైపే చూస్తూ, “మురుకులా అమ్మా?” అన్నాడు. “అద్దం నాయనా,” అన్నారు మేడం. ఆయన నమ్మలేదు.

పూత పూసే ఆయన తమిళంలో మాట్లాడాడు. మేం మా చిత్తూరు తమిళంలో జవాబు చెప్పాం. ఆయన అద్దాన్ని ఏదో మందు నీళ్లలో పెట్టగానే మిగిలిన పూత కరిగిపోయి, అవతలి గోడ కనిపించేంత తేట గాజైపోయింది. పాత గీతలు కొన్ని గాజులోకే దిగాయని, అవి ఎప్పటికీ పోవని, అయినా అద్దం పనికొస్తుందని చెప్పాడు. దాన్ని ఒక పెద్ద ఇనుప పీపా లాంటి గదిలో బిగించి, లోపలి గాలి తోడేసే మోటారు వేశాడు. ఆ మోటారు కొన్ని గంటలు తిరగాలట. రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చున్నాం. చెన్నై ఉక్క. మేడం తన సీసా ఖాళీ చేసి, నా సీసా అందుకున్నారు.

“వద్దు మేడం.”

“ఈ ఒక్క పొద్దు తాగనీ పాపా,” అన్నారు. సగం తాగారు. నేను లాక్కున్నాను.

మధ్యాహ్నం దాటాక ఆయన పిలిచాడు. పీపాకు చిన్న గాజు కిటికీ ఉంది. మేడంను దాని ముందు నిలబెట్టి, నన్ను వెనక పట్టుకోమన్నాడు. లోపల తీగ ఒకటి ఎర్రబడి, తెల్లబడింది. దానికి తగిలించిన అల్యూమినియం ముక్క కరిగి ఆవిరైంది. నేను మేడం భుజం మీదుగా చూస్తున్నాను. తేటగా ఉన్న గాజు మసకబారినట్టైంది. ఆ వెంటనే అది గాజు కాదు. తీగ వెలుగంతా అందులో వెనక్కి తిరిగి మెరిసింది.

“అంతేనా?” అన్నారు మేడం. “కడిగేదానికి ఎండాకాలమంతా పట్టె. పూసేదానికి ఊపిరి పట్టినంతసేపే.”

తుడవకుండా ఉంటే చాలా ఏళ్లు ఉంటుందన్నాడు ఆయన. మేడం నావైపు చూసి, “అయితే ఇంగ కడిగే పని నాది కాదు,” అన్నారు. ఆ మాట నాకు అప్పుడు తేలిగ్గానే వినిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆమెకు ఊపిరి అందలేదు. తాగిన నీళ్లు, ఎండ, ప్రయాణం. తిరుపతిలో ఐసీయూలో పెట్టారు. స్కూలు వదలగానే పరిగెత్తాను. వరండాలో తమ్ముడు గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

“వచ్చినావా?” అన్నాడు. “మా నాయన పోయినాక అక్కే నన్ను సదివించింది. ఇప్పుడు ఆ అద్దం కోసరం మా అక్కను నాకు కాకుండా చేస్తిరి కదా మీరిద్దరూ. నాతో మాట్లాడాకు పో.”

అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. ఆయన కోపంలో నాకు అన్యాయం కనిపించలేదు.

మేడం తేరుకుని ఇంటికొచ్చారు గానీ మునుపటి మనిషి కాలేదు. బస్సు మానేసి కారులో ఆస్పత్రికి పోవడం మొదలైంది. వానలు తగ్గి ఆకాశం తేటపడ్డాక, ఒక సాయంత్రం అద్దాన్ని గొట్టంలో బిగించాం. పై కొసన లోపల చిన్న అద్దం, అడుగున పెద్ద అద్దం అంటూ ఆమె కుర్చీలోంచి చెబుతుంటే నేను మరలు తిప్పాను. పొద్దు గూకుతుండగా సగం చంద్రుడు నెత్తిమీద ఉన్నాడు. మేడం లేచి గొట్టం పక్కనున్న కంటి అద్దానికి కన్ను ఆనించారు. ఎక్కువసేపు నిలబడలేకపోయారు. తమ్ముడి భార్య స్టూలు తెచ్చి వేసింది. కూర్చుని మళ్లీ చూశారు. ఎంతసేపో చూశారు. చివరికి ఆమె నోటినుంచి వచ్చింది ఒక్క మాటే.

“నిజమే పాపా.”

మర్నాటినుంచి ఆమెకు కొత్త పని పట్టుకుంది. పాత విద్యార్థినుల ఫోను నంబర్లు ఒకరి ద్వారా ఒకరివి సంపాదించి, పిలిచారు. చాలామంది రాలేదు. వచ్చినవాళ్లు పని దిగి నేరుగా వచ్చినవాళ్లే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె తలకు కట్టిన గుడ్డ విప్పకుండానే మిద్దెక్కింది. గ్రీమ్స్‌పేటలో ఇడ్లీ అంగడి పెట్టుకున్న ఆమె మోకాళ్ల నొప్పితో మెట్టుకొకసారి ఆగింది. తిరుమలలో ఉద్యోగం చేసే ఆమె ఘాట్ రోడ్డు బస్సు దిగి, ఇంకో బస్సెక్కి వచ్చి, ముందు కాస్త కూర్చోనివ్వండి అంది. అందరం నలభై దాటినవాళ్లం. అందరికీ ఎక్కడో ఒకచోట నొప్పి.

“ఏమ్మే, ఏం కనపడతాంది?” అని అడిగేవారు మేడం ప్రతి ఒక్కరినీ.

“గుంతలు మేడం. అన్నీ గుంతలే. మా వీధి రోడ్డు మాదిరే ఉండాది,” అంది ఇడ్లీ అంగడి ఆమె. అందరం నవ్వాం.

ఫ్యాక్టరీ ఆమె చాలాసేపు చూసి తలెత్తింది. “తలకిందలుగా ఉండాడు కదా మేడం చంద్రుడు? మీరు బోర్డు మీద గీసినప్పుడు కూడా బొమ్మ తలకిందలే వచ్చె. నేను నిలువుగా గీస్తే కొట్టేసినారు.”

“కొట్టేసినానా?”

“సున్నా ఏసినారు.”

మేడం ముఖం అప్పుడు చూడాల్సింది. సంతోషమో బాధో నాకు తెలియలేదు. ఫ్యాక్టరీ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, “అప్పుడే చూపించింటే నువ్వే గీసుకుందువు కదమ్మా సరిగ్గా,” అన్నారు.

ఆ సాయంత్రాల్లో కింద ఇంట్లో టీవీ పెద్దగా మోగుతూ ఉండేది. తమ్ముడు ఒక్కసారి కూడా మిద్దెక్కలేదు. నేను మెట్లు దిగిపోతుంటే ముఖం తిప్పుకునేవాడు. మేడం కూడా బలవంతం చేయలేదు. “వాని కోపంలో నేనే ఉండా లే,” అనేవారు. ఆఖరి నెలల్లో ఆమె స్టూలు దాకా కూడా రాలేకపోయారు. గదిలో పడుకుని, తలుపు తెరిపించి, బయట ఎవరెవరు చూస్తున్నారో గొంతులను బట్టి గుర్తుపట్టేవారు. అలా ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, “మీ అత్తమ్మకు ఎట్లుండాది? నువ్వు నిద్రపోతాండావా?” అని అడిగారు. లేదన్నాను. “బస్సులోనన్నా పో పాపా,” అన్నారు.

నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ముఖంలో పసుపు రంగు పోయి, తరగతిలో చూసిన ముఖంలా ఉంది. తమ్ముడు నాకు కుర్చీ వేశాడు.

మేడం పెద్దదినం రోజు, కర్మ భోజనాలయ్యాక, పాత విద్యార్థినులమంతా వెళ్లలేక మిద్దె మీద కూర్చున్నాం. పొద్దు వాలింది. గది తలుపు మూసి ఉంది. ఎవరికీ లోపలికి పోబుద్ధి కాలేదు. మెట్ల మీద ఏదో తగిలిన చప్పుడైంది. చూస్తే తమ్ముడు స్టాండు మోసుకుని వస్తున్నాడు. ఎప్పుడు కిందికి తీసుకుపోయాడో, తుప్పు గీకి రంగు వేయించాడు. దాన్ని దించి, గదిలోకి పోయి, గొట్టాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని తెచ్చాడు.

“అక్క దీన్ని ఎట్ల పెట్టేదమ్మా?” అని నన్నడిగాడు.

పెట్టి చూపించాను. చంద్రుడిని వెతికి పట్టుకుని పక్కకు జరిగాను.

“మొదట నువ్వు చూడన్నా.”

“నాకేం తెలుస్తాది,” అంటూనే వంగాడు. కంటి అద్దం దగ్గరికి ముఖం తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తడుముకున్నాడు. అప్పుడు, గొట్టంలోంచి వచ్చిన చంద్రుడి వెలుతురు కందిగింజంత తెల్లటి చుక్కై ఆయన చెంప మీద పడింది. అక్కడినుంచి తడి కనురెప్ప మీదికి జరిగింది. ఆయన కన్ను తెరిచి పట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు.